పోటు పెంచే తోట

ఆ తోటకు కంచె లేదు. తోటమాలి లేడు. అయినా రోజుకు రెండుసార్లు ఠంచనుగా నీళ్లు పారుతుంటాయి... అవీ ఉప్పునీళ్లు! కాకినాడ పక్కనే కోరంగి మడ అడవిలో పడవెక్కితే కనిపించే వింత ఇది.

ఉదయం ఆరున్నర. డిసెంబరు చలి. కోరంగి పాయ ఒడ్డున పడవ సిద్ధంగా ఉంది. లైఫ్ జాకెట్లు తొడుక్కుని జనమూ సిద్ధంగా ఉన్నారు. పడవ మాత్రం కదలడం లేదు. కదలడానికి నీళ్లేవీ? అడుగు బురదకు ఆనించి హాయిగా కూర్చుంది.

''ఇంకో ముప్పావుగంట పడుద్దండి. పోటు ఎక్కాలి కదండీ'' అన్నాడు సరంగు, తాపీగా తలగుడ్డ సవరించుకుంటూ.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఓ కుటుంబం అప్పటికే గడియారాలు చూసుకుంటోంది. తాతయ్య, అమ్మానాన్న, ఆరో తరగతి చదివే పాప. ముందురోజంతా వాళ్లు రాజమండ్రి పక్కనున్న కడియం నర్సరీల్లో తిరిగారు. గోదావరి కాలవ గట్ల వెంబడి కిలోమీటర్ల కొద్దీ మొక్కలే మొక్కలు. ఆ ఊళ్లనుంచి లారీల్లో దేశమంతటికీ వెళ్తాయవి. చూశాక ఆగలేక గులాబీలూ మందారాలూ ఓ డజను కొనేశారు. అవి ఇప్పుడు కారు డిక్కీలో ఉన్నాయి. ''ఎండెక్కితే వాడిపోతాయేమో, నీళ్లు చల్లొస్తా'' అంటూ వాళ్లమ్మ రెండుసార్లు కారు దగ్గరికి వెళ్లొచ్చింది కూడా.

అవతలి ఒడ్డున పచ్చగా కోటగోడలా నిలబడ్డ అడవిని చూసి పాపకు సందేహం వచ్చింది.

''మరి ఆ చెట్లకు నీళ్లెవరు పోస్తారు తాతయ్యా?''

తాతయ్య రిటైరైన లెక్కల మాస్టారు. జవాబు కోసం సరంగు వైపు చూశాడు. సరంగు కాళ్ల దగ్గరి బురదను చూపించాడు. ఇందాక ఆరినట్టున్న చోట సన్నటి నీటిపొర మెరుస్తోంది. ''అదిగోనండి పాపగారూ... వచ్చేశాడు తోటమాలి!''

తిథి చూసి పడవ

సముద్రం రోజుకు రెండుసార్లు ఈ పాయల్లోకి ఎక్కివస్తుంది. అది పోటు. రెండుసార్లు వెనక్కి పోతుంది. అది పాటు. చంద్రుడు లాగితే నీళ్లు లేస్తాయని పాఠాల్లో చదువుకున్నదే. ఇక్కడ మాత్రం అది బతుకుతెరువు లెక్క. పోటు రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పౌర్ణమికీ అమావాస్యకీ ఎక్కువ ఎత్తుకు లేస్తుంది. అందుకే ఇక్కడి మత్స్యకారులు వేటకు బయల్దేరే ముందు గడియారం కన్నా ముందు తిథిని చూస్తారు. పోటు మీద లోపలికి వెళ్లి, పాటు మీద బయటికి వస్తే ఇంజినుకు డీజిల్ కలిసొస్తుంది. తెడ్డు వేసేవాడికి చెయ్యి కలిసొస్తుంది.

ఏడుంబావు అయ్యేసరికి పడవ దానంతటదే కదిలింది. పాయలోకి మళ్లగానే రెండువైపులా చెట్లు దగ్గరకు జరిగాయి. గోదావరి తూర్పు పాయ గౌతమి సముద్రంలో కలిసే చోట, మంచినీళ్లూ ఉప్పునీళ్లూ కలగలిసిన బురదలో పెరిగిన అడవి ఇది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు.

నాలుకకు ఉప్పు తగిలే ఆకు

సరంగు పడవను ఒడ్డుకు ఆనించి ఓ కొమ్మ వంచి పట్టుకున్నాడు. ''దీన్ని తెల్ల మడ అంటారండి. ఆకు నాకి చూడండి.''

వాళ్లమ్మ వారిస్తున్నా పాప నాలిక చాపనే చాపింది. ''అబ్బో... ఉప్పు!''

మామూలు మొక్కకు ఉప్పునీళ్లు పోస్తే నాలుగురోజుల్లో మాడిపోతుంది. మడచెట్టు ఆ ఉప్పుతోనే కాపురం చేస్తుంది. కొన్ని రకాలు వేళ్ల దగ్గరే ఉప్పును చాలావరకు వడకట్టేస్తాయి. తెల్ల మడలాంటివి లోపలికి వచ్చిన ఉప్పును ఆకుల మీది సన్నటి గ్రంథుల్లోంచి బయటికి నెట్టేస్తాయి. ఎండకు అది తెల్లటి పొడిలా ఆకు మీద మెరుస్తుంది.

ఉప్పుతో తంటా తీరినా ఊపిరితో మరో తంటా. ఈ బురదలో గాలి ఆడదు. అందుకని చెట్టు చుట్టూ నేలలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వందలకొద్దీ వేళ్లు పైకి పొడుచుకొస్తాయి. నీరు తగ్గినప్పుడు వాటి సన్నటి రంధ్రాల్లోంచి గాలి లోపలికి వెళ్తుంది. అందుకే వాటిని శ్వాసవేళ్లు అంటారు. కాస్త ముందుకెళ్తే ఉప్పు పొన్న. దాని పద్ధతి వేరు. కాండం మీదినుంచే కొమ్మల్లాంటి వేళ్లు దించి, పీటకోళ్లలా నాలుగువైపులా ఆనించుకుని నిలబడుతుంది. దాని కాపు ఇంకా చిత్రం. గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, ములక్కాడలా వేలాడుతుంది. తల్లి దగ్గరే ఎదిగి, ఓ రోజు జారి బురదలో నిలువునా గుచ్చుకుంటుంది. గుచ్చుకోలేదా, నీళ్ల మీద తేలుతూ ఇంకో ఒడ్డు వెతుక్కుంటుంది.

''అన్నిటినీ ముట్టుకోవద్దండోయ్'' అని సరంగు హెచ్చరించింది ఒక్క చెట్టు దగ్గరే. అది తిల్ల. గిల్లితే తెల్లటి పాలు కారతాయి. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కట్టెలకని అడవికి వెళ్లే రోజుల్లో కత్తి వేసే ముందు అందరూ మొదట తెలుసుకున్న చెట్టు ఇదేనట.

బావురుపిల్లి అడుగుజాడ

పడవ ఇంజిను ఆపేస్తే అడవి మాట్లాడటం మొదలుపెడుతుంది. బురదలో చిటపటమని చప్పుడు... పీతలు. ఓ పెద్ద డెక్క ఊపుతూ మగపీత ఆడపీతను పిలుస్తోంది. దాని పక్కనే వేలెడంత చేప నీళ్లొదిలేసి బురద మీద గెంతులేస్తోంది! చర్మం తడిగా ఉన్నంతసేపు అది నేల మీదే తిరగగలదు. నీలిరంగు లకుముకి పిట్ట ఓ కొమ్మ మీదినుంచి రాయిలా పడి, ముక్కున చేపతో లేచింది. పైన గరుడపక్షి గిరికీలు కొడుతోంది. చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే వలస పక్షులు పాటు వేళ బయటపడే బురదమేటల మీద గుంపులుగా దిగుతాయి. పైముక్కు పొట్టిగా, కిందిముక్కు పొడుగ్గా ఉండి, ఎగురుతూనే నీటిని కోసుకుపోయే ఇండియన్ స్కిమ్మర్ల కోసమైతే పక్షిప్రేమికులు పెద్దపెద్ద లెన్సులు భుజాన వేసుకుని మరీ వస్తారు.

ఓ మలుపులో పాప గబుక్కున లేవబోయింది. బురదగట్టు మీద తడి మెరుస్తున్న గోధుమరంగు ఒళ్లు రెండు... మూడు... నాలుగు. నీటికుక్కలు! కుటుంబమంతా కలిసి వేటకు బయల్దేరినట్టుంది. పడవను చూసి ఒకటి తల ఎత్తింది. మరుక్షణం నాలుగూ నీళ్లలో మాయం. ''మా వలలు కొరికేస్తాయండి, దొంగముండావి'' అన్నాడు సరంగు. తిట్టులో కోపం కన్నా ముద్దే ఎక్కువ వినిపించింది.

ఈ అడవికి అసలైన దొర మాత్రం పగలు కనిపించడు. బావురుపిల్లి. ఇంటి పిల్లికి రెండింతలుండే ఈ పిల్లికి నీళ్లంటే భయం లేదు. వేళ్ల మధ్య పలచటి పొర ఉంటుంది. దట్టమైన లోపలి బొచ్చు చలినీళ్లను ఒంటికి తగలనివ్వదు. రాత్రిపూట గట్టున కాపుకాసి, నీళ్లలోకి దూకి చేపను పట్టుకొస్తుంది. ప్రపంచంలో అంతరించే ముప్పున్న జంతువుల జాబితాలో ఉన్న ఈ పిల్లి కోసం 2018లో ఇక్కడ కెమెరాలు పెట్టి లెక్క తీస్తే 115 తేలాయి. పాపకు పిల్లి కనిపించలేదు కానీ బురదలో గుండ్రటి అడుగుజాడలు కనిపించాయి. ఇంకో పూటలో పోటు వచ్చి చెరిపేసేవే. తాతయ్య సెల్‌ఫోన్లో అవి భద్రమయ్యాయి.

ఆ కట్టెలు ఎవరి పొయ్యిలోకి?

పాయ వెడల్పయ్యాక పచ్చటి గోడ ఒకచోట తెగింది. చెట్లు పొట్టిగా, వరుసలు తీర్చినట్టు ఉన్నాయి. వరుసల మధ్య చిన్నచిన్న కాలవలు.

''ఇది మాత్రం తోటేనండి. మేం వేసింది'' అన్నాడు సరంగు.

అతని తండ్రి కట్టెలు కొట్టి అమ్మేవాడు. మడకట్టె నిప్పు చాలాసేపు నిలుస్తుంది. నాటుపడవల్లో నింపి కాకినాడ తీసుకెళ్తే సాయంత్రానికి బియ్యం వచ్చేవి. ఆ మాట వినగానే లెక్కల మాస్టారు తలెత్తాడు. కాకినాడలో చదువుకునే రోజుల్లో ఆయన అద్దె గదిలో పొయ్యి మీద అన్నం ఉడికింది ఆ కట్టెలతోనే. ''మీ నాన్న కొట్టాడు, నేను కాల్చాను. ఇద్దరం సమానమే'' అన్నాడాయన నవ్వుతూ. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

కట్టెలకూ, ఇళ్ల వాసాలకూ కొట్టింది కొంత. 1990ల్లో రొయ్యల చెరువుల జోరులో తీరం పొడవునా పోయింది కొంత. చెట్టు పోతే మళ్లీ మొలుస్తుందిలే అనుకుంటాం. మడ అలా మొలవదు. నీడ పోయిన బురదనేల ఎండకు ఆరి, కుంగి, పళ్లెంలా గుంట పడుతుంది. పోటు వేళ ఎక్కిన ఉప్పునీరు పాటు వేళ తిరిగి వెళ్లదు. అక్కడే నిలిచి, ఎండి, ఉప్పు పేరుకుపోతుంది. ఉప్పుతో కాపురం చేసే చెట్టుకు కూడా తట్టుకోలేనంత ఉప్పు! విత్తనం కొట్టుకొచ్చినా చస్తుంది.

1990ల చివర్లో ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, చుట్టుపక్కల మత్స్యకార గ్రామాల వాళ్లు కలిసి దీనికో విరుగుడు మొదలుపెట్టారు. మొక్క నాటడం కన్నా ముందు నీటికి దారి వేయడం. పాయ నుంచి ఓ పెద్ద కాలవ, దానికి ఏటవాలుగా అటూ ఇటూ పిల్ల కాలవలు. పైనుంచి చూస్తే అచ్చం చేపముల్లే. పోటు ఆ ముల్లు వెంట లోపలికి ఎక్కుతుంది, పాటు వెంట బయటికి వెళ్తుంది. పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. అప్పుడు కాలవ గట్ల మీద తెల్ల మడ నాటారు.

నారు పెంచిన తీరు వింటే కడియం రైతులు కూడా ముక్కున వేలేసుకుంటారు. సంచుల్లో బురద నింపి, గింజ పెట్టి, పోటు తగిలే గట్టున వరుసగా పేర్చడమే. బిందె మోసే పని లేదు. సముద్రమే వచ్చి తడిపి పోతుంది. ''మొదట్లో మేమూ నవ్వామండి. కొట్టేవోడి చేత మొక్క నాటిస్తున్నారేంటని. నాలుగేళ్లకి మొక్క నా ఎత్తు అయ్యింది. దాని మొదట్లో రొయ్యపిల్లలు కనబడ్డాయి. అప్పుడు నమ్మకం కుదిరిందండి'' అన్నాడు సరంగు.

నిజమే. మడ వేళ్ల మధ్య నీరు నెమ్మదిగా ఉంటుంది. రాలిన ఆకు కుళ్లి మేత అవుతుంది. సముద్రంలో పెరగాల్సిన రొయ్య, మండపీత, పండుగప్ప పిల్లలకు అదే ఉయ్యాల. ఉయ్యాల తీసేస్తే వలలో పడేదేమీ ఉండదు.

ఓ రేవు పోయింది... ఓ మాట మిగిలింది

పాయ దాటి కాకినాడ అఖాతంలోకి రాగానే ఆకాశం ఒక్కసారిగా విప్పుకుంది. దూరంగా ఇసుకగీతలా హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు పేర్చగా గత రెండువందల ఏళ్లలో పెరిగిన దిబ్బ ఇది. పొడవు 16 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కాకినాడ రేవుకు సముద్రం వైపు కట్టిన గోడ లాంటిది. దాని వెనక నీళ్లు చెరువులా ప్రశాంతంగా ఉంటాయి.

ఈ ప్రశాంతతను చూసి మోసపోకూడదు. ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. ఇక్కడ ఓడలు కట్టేవాళ్లు. బర్మాకు వలసవెళ్లిన తెలుగువాళ్లందరినీ అక్కడ 'కోరంగీలు' అనే పిలిచారంటే ఊరి పేరు ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది. 1789 డిసెంబరులో వచ్చిన తుపానులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెంట ఒకటి ఊరిని ముంచాయి. 1839 నవంబరు 25న మరో ఉప్పెన. ఆ దెబ్బకు రేవు మళ్లీ కోలుకోలేదు. 'సైక్లోన్' అన్న మాటను వాడుకలోకి తెచ్చింది కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్. తుపానులను కాగితం మీద పెట్టిన ఆయన కోరంగి ఉప్పెన గురించీ రాశాడు. ఊరు పోయింది. మాట ప్రపంచమంతా తిరిగింది.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. సరంగు అప్పటికి కుర్రాడు. ''గాలి ఆగింది కాదండి. తెల్లారి చూస్తే మడ చెట్లు విరిగిపోయి ఉన్నాయి. మా ఇళ్లు కొన్ని మిగిలాయి. ఆ చెట్లు లేకపోతే ఆ దెబ్బంతా మామీదే కదండీ'' అన్నాడు. మడ అడవి తుపానును ఆపదు. కానీ వేల వేళ్ల మధ్య నుంచి రావాల్సిన కెరటం బలం తగ్గి వస్తుంది. తీరంలో ఉన్నవాళ్లకు ఆ తేడా చాలు, ప్రాణం నిలవడానికి.

తాబేలు తల్లి పుట్టిల్లు

హోప్ ఐలాండ్ ఇసుక మీద ట్రాక్టరు టైరు జాడలాంటి గీతలు ఉంటే అవి తాబేలువి. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొస్తాయి. వెనక కాళ్లతో గుంట తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. ఆ తర్వాత పొదగడం ఇసుక పని. ఇసుక చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ, వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొచ్చి వెలుతురున్న వైపు, అంటే సముద్రం వైపు పరుగెడతాయి. తీరంలో లైట్లు ఉంటే దారి తప్పుతాయి.

అదే కాలంలో తీరానికి చచ్చిన తాబేళ్లూ కొట్టుకొస్తుంటాయి. తాబేలు నీళ్లలో ఉన్నా గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే. ట్రాలర్ల వలలో చిక్కుకుంటే ఊపిరాడక చనిపోతుంది. వలలోంచి తాబేలు బయటపడే తలుపులాంటి పరికరం ఉంది. దాన్ని బిగించుకోవాలన్న నిబంధనా ఉంది. బిగించుకుంటే వలలో కొంత సరుకు కూడా జారిపోతుందని పడవవాళ్ల బాధ. అటవీశాఖ గుడ్లను సేకరించి, కంచె వేసిన చోట పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతోంది. ఒడ్డున ఎన్ని వదిలినా, నీళ్లలో దారి ఇవ్వాల్సింది వలలే.

మరో దిగులు కనిపించకుండా పెరుగుతోంది. గోదావరి మీద పైన కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతోంది. కొత్త మట్టి రాకపోతే డెల్టా పెరగదు సరికదా, సముద్రం కోసుకుపోతుంది. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ వాళ్లకు ఈ కోత కొత్త కాదు. చేపముల్లు కాలవలు తవ్వి నీటికి దారి చూపించవచ్చు. మట్టికి దారి చూపించడం పడవ నడిపేవాడి చేతిలో లేదు.

పాటు మొదలైంది. ''ఇక తిరగాలండి, లేకపోతే మధ్యలో కూర్చుంటాం'' అని సరంగు పడవ మళ్లించాడు. ఒడ్డు చేరేసరికి శ్వాసవేళ్లు మళ్లీ బయటపడుతున్నాయి. దిగేముందు పాప మరో ప్రశ్న వేసింది. ''రేపు మీరు రాకపోయినా వాటికి నీళ్లొస్తాయా?''

''నేను లేకపోయినా వస్తాయండి పాపగారూ. దారి పూడిపోకుండా ఎవరో ఒకరు చూసుకోవాలంతే'' అన్నాడు సరంగు. ఏటా పిల్ల కాలవల్లో బురద తీయకపోతే అవి మూసుకుపోతాయి మరి.

కారు డిక్కీ తెరిచారు. కడియం గులాబీలు తలలు వాల్చేశాయి. పాప తన సీసాలో మిగిలిన నీళ్లన్నీ వాటికే పోసేసింది.

చూడాలనుకుంటే...

• కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దాటగానే అభయారణ్యం ప్రవేశద్వారం వస్తుంది. రైల్లో వచ్చేవాళ్లు కాకినాడలోగానీ, సామర్లకోటలోగానీ దిగొచ్చు.

• నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. వలస పక్షులూ అప్పుడే ఎక్కువ. తుపాను హెచ్చరికలుంటే ప్రయాణం మానుకోవడమే మంచిది.

• పడవ షికారు పోటును బట్టే ఉంటుంది. ముందురోజే సిబ్బందిని అడిగి టైము కనుక్కోవాలి. హోప్ ఐలాండ్ వెళ్లాలంటే అనుమతి, వాతావరణం, పోటు... మూడూ కుదరాలి.

• పడవ ఎక్కలేని పెద్దవాళ్లు అడవిలోకి వేసిన చెక్కబాట మీద నడిచి చూడొచ్చు. బాట దిగి శ్వాసవేళ్లను తొక్కొద్దు.

• తాబేళ్ల కాలంలో ఇసుక మీద టార్చిలు, ఫ్లాష్‌లు వాడకూడదు. తీసుకెళ్లిన ప్లాస్టిక్ సంచీ తిరిగి ఇంటికే రావాలి. పాయలో పడేస్తే పాటు దాన్ని సముద్రంలోకి తీసుకెళ్తుంది. పోటు మళ్లీ తెచ్చి వేళ్లకు చుట్టి పోతుంది.